గంట తేడా

ముప్పై ఒక్క ఏళ్లు చూశాను ఈ నదిని,
దుర్భిణీలోంచి.
గ్వాదియానా అంటే నాకొక గీత.
ఈ గట్టు పోర్చుగల్, ఆ గట్టు స్పెయిన్,
నడుమ కదిలేదేదైనా అనుమానమే.

ఇవాళే మొదటిసారి
పనేమీ లేకుండా పడవెక్కాను.
చుక్కాని పట్టినవాడు జెఫెరీను.
ఒకప్పుడు నేను తరిమినవాడు.
కాఫీగింజల మూట నెత్తికి కట్టుకుని
అమావాస్య రాత్రుల్లో ఈదుకుంటూ అవతలికి పోయేవాడు.
"బూట్లు విప్పి ఎక్కు సార్జెంటూ,
పడవ నిన్న కడిగాను" అన్నాడు.
విప్పాను.

పోటు మొదలైంది.
సముద్రం తన నీళ్లని ఎగువకి తోలుకొస్తోంది
గొర్రెల్ని తోలినట్టు, తాపీగా.
గాలి వీపున తగిలింది.
ఇటుకరంగు తెరచాప నాలుగుసార్లు తపతపా కొట్టుకుని
పొట్ట నిండిన పసిపిల్లలా ఊరుకుంది.

ఆ ఊరుకోవడం ఎలా చెప్పను?
మా పహరా పడవ నిండా రొద,
డీజిల్ కంపు, నా కేకలు.
ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కనాడూ వినలేదు
చెక్కల కింద నీళ్లు గుసగుసలాడడం.
ఇప్పుడు
అటునుంచి మేకల మెడపట్టెల చప్పుడు,
ఇటునుంచి ఎవరో బట్టలు బండకేసి బాదే చప్పుడు
నీటి మీద కలుసుకుంటున్నాయి
ఏ కాగితమూ చూపకుండా.

వంపు తిరిగితే రెల్లుపొదలు.
ఇంకో వంపు తిరిగితే
లరంజైరాస్ నారింజ తోటలు, గట్టు దాకా దిగి
తమ పళ్లని తామే నీళ్లలో చూసుకుంటున్నాయి.
ఫిబ్రవరి కదా, కొండవాలంతా బాదం పూత.
లకుముకి పిట్ట ఒకటి
నీలంగా దేశం దాటింది.
మళ్లీ దాటింది.
నా చెయ్యి ఎందుకో జేబులో పుస్తకం కోసం వెతికింది,
రాసుకోవడానికి.

"ఇదిగో ఇక్కడే" అన్నాడు జెఫెరీను
ఒక అత్తిచెట్టు వైపు గడ్డం ఎత్తి.
"నీ గుండు దాని బోదెకి తగిలింది.
మరుసటేడు ఎన్ని కాయలు కాసిందని!"
నవ్వాడు. నేనూ నవ్వబోయాను.
"గురి తప్పావా, తప్పించావా?"

చెట్టు వెనక్కి జరిగింది.
ఒక పరిగె చేప గాల్లోకి ఎగిరి పడింది.
చెట్టు ఇంకా వెనక్కి జరిగింది.
ఆ రాత్రి నా వేళ్లకి తెలిసింది
నాకు ఇప్పటికీ తెలియదు.
అతను నా ముఖంలోకి కాసేపు చూసి
జవాబు అడగడం మాని
చుక్కాని నా చేతికిచ్చాడు.

బతికే ఉంది అది!
గుర్రం మెడ నిమిరినట్టు
అరచేతిలో నది కండరాలు కదిలాయి.
కొంచెం లాగితే పోర్చుగల్ దగ్గరికొచ్చింది,
కొంచెం వదిలితే స్పెయిన్.
"గట్టిగా పట్టకు," అన్నాడు,
"అదేం పారిపోదు."

అల్కోతిం చేరి నడినీట లంగరు దించేసరికి
అవతల సాన్‌లూకర్ చర్చిలో ఐదు కొట్టారు.
మా ఊళ్లో ఇంకా నాలుగే.
వాళ్ల గంటకీ మా గంటకీ మధ్య
ఒక గంట.
ఎవరి లెక్కలోనూ లేని ఆ గంటని
ఇద్దరం కూర్చుని ఖర్చుపెట్టాం.
జెఫెరీను ఫ్లాస్కు మూత తీశాడు.
"కాఫీ. భయపడకు, సుంకం కట్టిందే."

రెండో ఐదు మోగేటప్పటికి
పోటు అలిసిపోయింది. నీళ్లు ఒక్క క్షణం
ఎటు పోవాలో తెలియక నిలబడ్డాయి.
ఆపైన పడవ
ఎవరూ ముట్టుకోకుండానే లంగరు మీద మెల్లగా తిరిగింది.
ఎడమనున్న స్పెయిన్ నా కుడికొచ్చింది.
మా ఊరు ఎడమకి పోయింది.

నా పాదాలు ఇంకా ఉత్తవే.
బూట్లు ఎక్కడ పెట్టానో
అడగాలనిపించలేదు.